కాగే నూనె కాదు, కనికరం కావాలి

గాయపడినవాడిని చూసి జాలిపడడం ఒక ఎత్తు, అతనికి ఏం చేయాలో తెలిసి ఉండడం మరో ఎత్తు. ప్రభువు చెప్పిన మంచి సమరయుని ఉపమానంలో ఈ రెండూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. దొంగలు కొట్టి కొన ఊపిరితో వదిలేసినవాడిని చూసి ఆ సమరయుడు అయ్యో అనుకుని సాగిపోలేదు. నూనె, ద్రాక్షారసం పోసి అతని గాయాలు కట్టాడు. అయితే మంచి మనసుతోనే, తెలియక పోసిన నూనె ఎంత నరకం చూపిస్తుందో చెప్పే జీవితం ఒకటుంది. అది 16వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో జీవించిన శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారేది.

పారే 1510 ప్రాంతంలో లావాల్ పట్టణం దగ్గర ఒక సామాన్య కుటుంబంలో పుట్టాడు. ఆ కాలంలో లాటిన్ చదివిన గొప్ప వైద్యులు కత్తి పట్టడం తమ పని కాదనుకునేవారు. గాయాలు కోయడం, కడగడం, కట్టడం క్షౌరవృత్తివారికి వదిలేసేవారు. పారే ఆ వృత్తిలోనే పని నేర్చాడు. ఆయనకు లాటిన్ రాదు. పారిస్‌లో 'దేవుని సత్రం' అనే అర్థమొచ్చే ఒతెల్ ద్యూ అనే పేదల ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసి, 1537లో ఫ్రెంచి సైన్యంతోపాటు ఇటలీలోని ట్యూరిన్ వైపు దండయాత్రకు వెళ్లాడు.

అక్కడ గుర్రాన్ని కట్టేసేందుకు ఒక గుర్రపుశాలలోకి వెళ్తే, తుపాకి మందుకు కాలిపోయిన ముగ్గురు సైనికులు గోడకు చేరగిలబడి ఉన్నారు. వాళ్లకు చూపు లేదు, మాట లేదు. వీళ్లను బతికించే మార్గముందా అని ఒక ముసలి సైనికుడు అడిగాడు. లేదన్నాడు పారే. ఆ ముసలివాడు నెమ్మదిగా వెళ్లి ముగ్గురి గొంతులూ కోసేశాడు. పారే నిర్ఘాంతపోయి, దుర్మార్గుడివని మందలించాడు. తనకే ఆ గతి పడితే తనకూ ఎవరైనా ఇలాగే చేయాలని దేవుణ్ణి వేడుకుంటున్నానని ఆ ముసలివాడు బదులిచ్చాడు. వైద్యం చేతులెత్తేసిన చోట చంపడమే దయ అయిపోయిన రోజులవి.

తుపాకి గాయాల్లో మందు విషం చేరుతుందనీ, దాన్ని కాగే నూనెతో కాల్చాలనీ అప్పటి వైద్యగ్రంథాలు బోధించేవి. పారే కూడా అలాగే చేశాడు. ఒకరోజు నూనె అయిపోయింది. గత్యంతరం లేక గుడ్డు పచ్చసొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి మిగిలినవారి గాయాలకు పట్టించాడు. కాల్చలేదు గనుక వాళ్లు విషమెక్కి తెల్లారేసరికి చచ్చిపోతారేమోనన్న భయంతో ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. పొద్దున్నే లేచి పరుగున వెళ్లి చూస్తే, ఆ మందు పెట్టినవారు నొప్పి అంతగా లేక రాత్రి హాయిగా నిద్రపోయారు. కాగే నూనె పోయించుకున్నవారేమో జ్వరంతో, వాపుతో, భరించలేని నొప్పితో మూలుగుతున్నారు. ఇక తుపాకి దెబ్బలు తిన్న అభాగ్యులను ఎన్నడూ అంత క్రూరంగా కాల్చకూడదని పారే తీర్మానించుకున్నాడు. గ్రంథాలు చెప్పినదానికన్నా బాధితుని మూలుగునే ఆయన నమ్మాడు. ఆ అనుభవాలన్నీ 1545లో పుస్తకంగా రాశాడు, అదీ మామూలు శస్త్రకారులకు అర్థమయ్యే ఫ్రెంచిలో.

రక్తస్రావం విషయంలోనూ అంతే. కాలో చెయ్యో తీసేశాక రక్తం ఆపడానికి ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టడం అప్పటి పద్ధతి. 1552లో దాంవిలియే కోట ముట్టడిలో ఒకరి కాలు తీసేసినప్పుడు పారే ఇనుము పక్కన పెట్టి, రక్తనాళాలను దారంతో ముడివేసి కట్టాడు. రక్తనాళాలను ముడివేయడం ప్రాచీనులకూ తెలుసు. కానీ అవయవం తీసేసేటప్పుడు దాన్ని వాడి, నలుగురికీ నేర్పినవాడు పారే. పండితులు తప్పుపట్టారు. 1585లో ఆయన తన అనుభవాన్నే సాక్ష్యంగా పెట్టి వాళ్లకు జవాబిచ్చాడు.

పారే నలుగురు రాజులకు వైద్యుడయ్యాడు. అయినా ఒక పల్లెటూరి ముసలమ్మ చెప్పిన మాట వినడానికి సిగ్గుపడలేదు. కాలిన గాయానికి ఉప్పు కలిపిన ఉల్లిపాయ ముద్ద పెట్టమని ఆమె చెబితే పెట్టి చూశాడు. మరోసారి ముఖం కాలిన సైనికుడికి కొంత భాగంలో ఉల్లి, మిగతా భాగంలో వాడుక మందు పెట్టి ఏది మేలో పోల్చి చూశాడు. ఎందరిని బతికించినా ఆ ఘనత తనది కాదనీ, కట్టు కట్టడం వరకే తన వంతనీ, మాన్పినవాడు దేవుడేననీ తన రాతల్లో పదేపదే ఒప్పుకున్నాడు. 1590 డిసెంబరు 20న పారిస్‌లో కన్నుమూశాడు.

మరి మనం? చెయ్యి కాలితే ఇప్పటికీ టూత్‌పేస్టు, సిరా, కాఫీపొడి వెతుకుతున్నాం. పారే వాడిన ఉల్లి కూడా నేడు పనికిరాదు. కాలినచోట 20 నిమిషాలు చల్లని పంపునీళ్లు ధారగా పోయాలి, ఐసు పెట్టకూడదు, బొబ్బలు చిదమకూడదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి, చూద్దామని మాటిమాటికీ తీయకూడదు. గుచ్చుకున్న వస్తువును లాగకూడదు. బాగా రక్తం పోయినవాడు పాలిపోయి, చల్లగా చెమటలు పట్టి, తికమకగా మాట్లాడుతుంటే అది వట్టి భయం కాదు, ప్రాణం తీసే షాక్. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి దుప్పటి కప్పాలి, నోట్లో నీళ్లు పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. పోలీసు కేసుల భయంతో తప్పుకునే అవసరమూ లేదు. రోడ్డు ప్రమాదంలో సదుద్దేశంతో సాయపడినవారికి 2019 మోటారు వాహనాల చట్ట సవరణ రక్షణ కల్పించింది.

ప్రథమ చికిత్స నేర్చుకోవడానికి మన సంఘాల్లో ఏడాదికి ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయిస్తే చాలు. కనికరం మనసులో పుడుతుంది గానీ, దానికి నేర్పున్న చేతులు కూడా కావాలి. మాన్పేవాడు దేవుడే, కట్టు కట్టే వంతు మాత్రం మనది!