మూడో ఏటికి మూట సర్దుకున్న మనిషి

ఫుట్‌బాల్ ఆటలో గోలు కొట్టినవాడికి దండలు పడతాయి. గోలు ఆపినవాడి పేరు మర్నాడు పేపర్లో ఆఖరి పంక్తిలో కనబడితే అదే పదివేలు. ఇక కోచ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. గెలిస్తే ఆటగాళ్ళ గొప్ప, ఓడితే అతని తప్పు. ఈ రెండు పనులూ చేసి ప్రపంచం చేత ఔననిపించుకున్నవాడు హంగరీ దేశస్థుడు బేలా గుట్‌మన్. విచిత్రమేమిటంటే ఆయన పేరు చెప్పగానే ఫుట్‌బాల్ అభిమానులకు ముందుగా గుర్తొచ్చేది ఆయన పెట్టాడని చెప్పుకునే ఒక శాపం! సైన్సు చదువుతున్న నాకు ఆ శాపం కన్నా ఆ మనిషి బ్రతుకే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

గుట్‌మన్ 1899లో బుడాపెస్ట్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులిద్దరూ నాట్యం నేర్పేవారు. కొడుకు కూడా పదహారో ఏటికల్లా ఆ విద్య నేర్పే అర్హత సంపాదించాడు. కాని మనసు బంతి మీదికి పోయింది. ఎం.టి.కె. అనే పేరున్న క్లబ్బులో సెంటర్ హాఫ్‌గా చేరి 1920, 1921 సంవత్సరాల్లో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టులో ఆడాడు. ఆ రోజుల్లో సెంటర్ హాఫ్ అంటే జట్టుకు నడుంలాంటివాడు. ఎదుటివాళ్ళ దాడిని విరవాలి, లాక్కున్న బంతిని మనవాళ్ళకు అందించాలి.

అప్పుడే హంగరీలో యూదులకు గడ్డురోజులు మొదలయ్యాయి. విశ్వవిద్యాలయాల్లో వారి సంఖ్యకు కోత పెడుతూ 1920లో చట్టం కూడా వచ్చింది. గుట్‌మన్ వియన్నా వెళ్ళి హకోవా అనే యూదుల క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్బు 1925లో ఆస్ట్రియా ఛాంపియన్ అయింది.

ఈయన నోరు మూసుకుని పడివుండే రకం కాదు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హంగరీ ఆటగాళ్ళకు ఇచ్చిన హోటల్లో ఒకటే గోల, పైగా ఎలుకలు. జట్టు వెంట మాత్రం అధికారులు దండిగా వచ్చారు. గుట్‌మన్ చచ్చిన ఎలుకల్ని పట్టుకెళ్ళి ఆ దొరల గదుల తలుపులకు వేలాడదీశాడట! ఆ తర్వాత మళ్ళీ ఆయన హంగరీ తరఫున ఆడలేదు.

1926లో హకోవా జట్టు అమెరికా వెళ్ళింది. న్యూయార్కులో ఒక్క మ్యాచ్ చూడటానికే నలభై వేలమందికి పైగా జనం వచ్చారు. గుట్‌మన్ అక్కడే ఉండిపోయి ఆడాడు, నాలుగు డబ్బులు వెనకేశాడు. 1929లో షేర్ మార్కెట్టు కూలిపోవటంతో వెనకేసిందంతా పోయింది. ముప్పై దాటిన ఆటగాడు చేతులూపుకుంటూ ఐరోపాకు తిరిగొచ్చి, 1933లో అదే హకోవాకు కోచ్ అయ్యాడు. ఆట కాళ్ళలోంచి తలలోకి ఎక్కింది.

1939లో ఆయన శిక్షణలో ఉయిపెష్ట్ క్లబ్బు హంగరీ లీగునూ, మధ్య ఐరోపా దేశాల మిట్రోపా కప్పునూ గెలిచింది. అంతటి విజయం సాధించిన మనిషి యూదుడైన పాపానికి కొద్దికాలానికే నిరుద్యోగి అయ్యాడు. 1944లో జర్మన్ సేనలు హంగరీని ఆక్రమించాక కొన్నాళ్ళు ఒక అటక మీద దాక్కున్నాడు. తర్వాత నిర్బంధ శ్రమ శిబిరంలో పడ్డాడు. అక్కడి నుంచి తరలించబోతున్నారని తెలిసి, ఆ డిసెంబరులో మరికొందరితో కలిసి తప్పించుకున్నాడు. వారిలో ఎర్బ్‌స్టైన్ అనే మరో గొప్ప కోచ్ కూడా ఉన్నాడు. గుట్‌మన్ తండ్రీ, సోదరీ ఆష్విట్జ్‌లో చంపబడ్డారు. ఆ రోజుల గురించి ఆయన తర్వాత పెద్దగా మాట్లాడలేదు.

ఇక్కడితో కథ ముగిసినా మనం తప్పుపట్టం. కాని ఆయన నలభై ఆరో ఏట మళ్ళీ మైదానంలోకి దిగాడు. రుమేనియాలో ఒక క్లబ్బుకు కోచ్‌గా వెళ్ళినప్పుడు జీతం డబ్బు రూపంలో వద్దని, కూరగాయలూ తిండిగింజలూ ఇమ్మన్నాడు. ఇది చదివి మా హాస్టల్ మిత్రులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మాది వ్యవసాయ కుటుంబం. ఒకప్పుడు కుప్పనూర్పిళ్ళకు వచ్చినవాళ్ళు రూపాయలకన్నా కొలిచిన ధాన్యమే నయమనుకునేవారని మా తాతయ్య చెబుతుంటాడు. నోటు విలువ పడిపోయిన కాలంలో గింజే అసలు డబ్బు. ఆ లెక్క గుట్‌మన్‌కు బాగా తెలుసు.

తిరిగి హంగరీ వచ్చి కిష్‌పెష్ట్ జట్టును చేపట్టాడు. 1948లో ఒక మ్యాచ్‌లో తన ఫుల్ బ్యాక్ మొరటుగా ఆడుతుంటే విరామంలో అతన్ని ఆపేయాలనుకున్నాడు. జట్టులోని యువ తార పుష్కాష్ ఆ ఆటగాణ్ణి మైదానం వదలొద్దన్నాడు. కోచ్ మాట చెల్లని చోట కోచ్ ఎందుకు? గుట్‌మన్ పోట్లాడలేదు. వెళ్ళి ప్రేక్షకుల్లో కూర్చున్నాడు, తర్వాత ఆ ఉద్యోగమే వదిలేశాడు. ఇటలీలో మిలాన్ క్లబ్బు ఆయన్ని 1955లో తీసేసింది. అప్పటికి జట్టు లీగులో మొదటి స్థానంలో ఉంది!

1957లో బ్రెజిల్ వెళ్ళి సావో పాలో క్లబ్బుకు రాష్ట్ర ఛాంపియన్‌షిప్ తెచ్చాడు. వెనక నలుగురు, మధ్య ఇద్దరు, ముందు నలుగురు ఉండే వ్యూహం అక్కడ వేళ్ళూనటంలో ఆయన చెయ్యి ఉంది. మరుసటి ఏడు బ్రెజిల్ ఆ వ్యూహంతోనే ప్రపంచ కప్పు గెలిచింది. రక్షణలో బ్రతికినవాడు కోచ్ అయ్యాక గోళ్ళు కొట్టడాన్నే నమ్ముకున్నాడు. ఎదుటివాళ్ళు ఎన్ని వేసినా మనం ఒకటి ఎక్కువ వేస్తే చాలునన్నది ఆయన సిద్ధాంతం.

1959లో పోర్టోను పోర్చుగల్ ఛాంపియన్ చేసి, అదే ఏడు లిస్బన్‌లోని బెన్ఫికాకు మారాడు. 1960, 1961 లీగులు రెండూ బెన్ఫికావే. 1961 యూరోపియన్ కప్ ఫైనల్లో బార్సిలోనాను 3-2తో ఓడించింది. మొజాంబిక్ నుంచి యూసేబియో అనే కుర్రాడు వచ్చాడు. 1962 ఫైనల్ ఆమ్‌స్టర్‌డామ్‌లో, రియల్ మాడ్రిడ్ మీద. అటు వైపు ఎవరనుకున్నారు? నాటి పుష్కాషే! మొదటి సగంలోనే అతను మూడు గోళ్ళు కొట్టాడు. విరామానికి బెన్ఫికా 2-3తో వెనకబడింది. రెండో సగంలో మూడు గోళ్ళు వేసి 5-3తో గెలిచింది. అందులో రెండు యూసేబియోవి.

గెలిచాక గుట్‌మన్ అదనపు పారితోషికం అడిగాడు, యాజమాన్యం కాదంది. ఆయన మూట సర్దుకున్నాడు. పోతూ పోతూ వందేళ్ళదాకా బెన్ఫికా ఐరోపా విజేత కాదని శపించాడని కథ. ఆ తర్వాత 2014 వరకు బెన్ఫికా ఎనిమిది ఐరోపా ఫైనల్స్‌లో ఓడిన మాట నిజమే. అయితే ఆయన ఆ మాట అన్నట్టు ఆనాటి ఆధారం దొరకలేదని పరిశోధకులంటారు. పైగా శపించినవాడు 1965లో అదే క్లబ్బుకు మళ్ళీ కోచ్‌గా ఎలా వచ్చాడు? ఎనిమిది ఓటములకు ఎనిమిది కారణాలుంటాయి. వాటిని వెతకటం కష్టం, శాపం అనెయ్యటం తేలిక.

ఆయన గట్టిగా నమ్మిన మాట మరొకటుంది. ఏ జట్టుకైనా ఒకే కోచ్ మూడో ఏడు చేటు అని. ఇందులో నాకు సైన్సు కనిపిస్తుంది. రెండేళ్ళు మిరప పండిన చేలో మూడో ఏడు మా నాన్న మిరప వెయ్యడు, మినుమో పెసరో చల్లుతాడు. ఒకే పైరు మీద నేలలో తెగులు ముదురుతుంది. మనుషుల మధ్యా అంతే కాబోలు. బెన్ఫికాలో ఆయన మూడో ఏడు యూరోపియన్ కప్పు వచ్చింది గాని లీగు చేజారింది.

గుట్‌మన్ 1981 ఆగస్టులో వియన్నాలో కన్నుమూశాడు. 2014లో బెన్ఫికా తన స్టేడియం దగ్గర ఆయన విగ్రహం పెట్టింది. రెండు చేతుల్లో రెండు కప్పులు. మనం మాత్రం విగ్రహం చేతుల్లో కనిపించనివి కూడా గుర్తుంచుకుందాం. డబ్బు పోయినా, దేశం తరిమినా, అయినవాళ్ళు పోయినా ఆ మనిషి తన విద్యను వదల్లేదు, ఆ విద్యకు తగిన కూలి అడగటానికి సిగ్గుపడలేదు. డిగ్రీ చేతబట్టుకుని రేపు గడపగడపా ఎక్కబోయే మనలాంటివాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి?