గణపతిదేవుని అభయవాక్యము

ఓరుగంటినుండి ఖమ్మమునకు పోవు బాటలోని మరిపెడయందు నలుగురు రైతులు కూడినచోట దూరదేశముల యుద్ధములు ప్రస్తావమునకు వచ్చుట నేడు వింత కాదు. 2023 చివర ఎఱ్ఱసముద్రమున వర్తకనౌకలపై దాడులు మొదలైనప్పుడు పెక్కు ఓడలు ఆఫ్రికాఖండమును చుట్టి పోవలసివచ్చెను, ఓడకిరాయిలు పెరిగెను. సముద్రము నెన్నడును చూడని రైతు పండించు పత్తికిని, మిరపకును, అతడు పొలమున చల్లు ఎరువునకును ఆ జలమార్గములతో సంబంధము కలదు. అయినను విదేశనీతి ఢిల్లీలోని పెద్దలకే విడువదగినదనియు, పల్లెవారు దానిని చర్చించుట ఉబుసుపోక మాటయనియు తలచువారు కొందఱు కలరు. మే మీ యభిప్రాయము నంగీకరింపజాలము. సముద్రమునకు దూరముగా ఓరుగంటనుండి యేలిన కాకతి గణపతిదేవుని చరిత్ర మీ విషయమున మనకు మంచి పాఠము చెప్పుచున్నది.

గణపతిదేవుని జీవితము పరాజయముతో నారంభమైనది. 1195 ప్రాంతమున పెదతండ్రి రుద్రదేవుడు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మడిసెను. తండ్రి మహాదేవుడును కొద్ది యేండ్లలోనే ఆ వైరమునకు బలియయ్యెను. గణపతి శత్రువులచేత చిక్కెను. రాజులేని రాజ్యము చీలిపోకుండ నిలిపినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. 1213లో పాలంపేట రామప్ప దేవాలయమును కట్టించినవా డితడే. 1199 ప్రాంతమున యాదవప్రభువు విడిచిపుచ్చగా గణపతి వచ్చి సింహాసన మెక్కెను. చెఱ ననుభవించిన రాజునకు పొరుగువారి బలమెంతయో, తన బలమెంతయో ఇతరులు చెప్ప నక్కఱలేదు. తండ్రిపగ తీర్చుకొనుటకై పడమటికి పరుగెత్తక, అతడు తన దృష్టిని తూర్పుతీరమునకు మరల్చెను.

1201 ప్రాంతమున అతని సేనలు బెజవాడ దాటి దివిసీమను జయించినవి. జయించిన తరువాత నతడు చేసిన పని గమనింపదగినది. దివిప్రభువును నిర్మూలింపక, ఆ యింటి యాడుబడుచులగు నారాంబను, పేరాంబను పెండ్లాడెను. వారి సోదరుడు జాయపను చేరదీసి గజసాహిణిగా జేసెను. నృత్తరత్నావళిని రచించిన జాయసేనాని యితడే. సోదరి మైలాంబను నతవాటి రుద్రునకును, కుమార్తె గణపాంబను కోట బేతరాజునకును, రుద్రమను నిడుదవోలు చాళుక్యవీరభద్రునకును ఇచ్చి, తీరమునందలి రాజకుటుంబములను తనవారిని గావించుకొనెను. కత్తితో గెలిచిన నేలను చుట్టఱికముతో నిలుపుకొనుట అతని నీతి.

ఈ శాంతిఫలము మన సీమకును దక్కినది. పాకాల చెఱువు అతని కాలమునాటిది. మానుకోట ప్రాంతపు బయ్యారము చెఱువును త్రవ్వించినది అతని సోదరి మైలాంబయే. పొలిమేరలు భద్రముగా నున్నప్పుడే చెఱువుగట్లు లేచునని భూవసతి గలవారికి మేము వేఱుగ చెప్ప బనిలేదు.

నెల్లూరి మనుమసిద్ధి దాయాదులచే రాజ్యము గోల్పోయినప్పుడు, కవియు మంత్రియునగు తిక్కన సోమయాజి రాయబారియై ఓరుగల్లు వచ్చి గణపతిదేవుని సాయము వేడెనని ఐతిహ్యము. కాకతిసేనలు దక్షిణమునకు నడచి సిద్ధిరాజును మరల నిలిపినవి. రాయబారమునకు పండితు నెన్నుకొనుట ఆనాటివారి వివేకమునకు తార్కాణము.

అయితే గణపతిదేవుని కీర్తికి మూలమని మేము తలచునది వేఱొకటి. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఆనాడు గొప్ప రేవు. తుఫానులో పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు మొదలగువానిని పూర్వపు రాజులు తమవిగా జేసికొనెడివారు. 1244లో గణపతిదేవు డీ యాచారమును మాన్పించి, ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చు వర్తకులకు అభయ మొసగుచు శాసనము వేయించెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొక వంతు సుంకమే కాని, అంతకుమించి యేమియు తీసికొనబోమని అందలి ప్రతిజ్ఞ. ఆ మాట సంస్కృతముననేకాక తెలుగునను చెక్కబడినది. ఏ వర్తకుడైనను దానిని చదివించుకొని, సుంకరి యెక్కువ యడిగినచో ఆ రాతిని చూపగలడు.

ఇంత చేసినను అతనికి తుదివఱకు జయమే కలుగలేదు. దక్షిణమున పాండ్యుల బలము పెరిగెను. 1263 ప్రాంతమున నెల్లూరికడ ముత్తుకూరియొద్ద జటావర్మ సుందరపాండ్యుని చేతిలో కాకతిసేనలు ఓడినవి. నెల్లూరు చేజాఱెను. అరువదేండ్లు పెంచిన ప్రాబల్యమున కది పెద్ద దెబ్బ. వృద్ధరాజు రాజ్యభారమును కుమార్తె రుద్రమకు విడిచెను. చుట్టఱికములు, అభయవాక్యములు సైన్యబలమునకు బదులు కాజాలవని ముత్తుకూరు చెప్పుచున్నది. ఈ సత్యమును దాచి గణపతిదేవుని పొగడుట మాకు సమ్మతము గాదు.

కాని యుద్ధమున పోయిన దొకటి, మాటవలన మిగిలిన దొకటి. ఆ శతాబ్ది చివర వెనీసువాడగు మార్కోపోలో మోటుపల్లి రాజ్యమును గూర్చి వ్రాయుచు రాణి న్యాయపాలనమును, వజ్రములను, సన్నని వస్త్రములను ప్రశంసించెను. కాకతీయులు కూలిన పిదప 1358లో అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల అభయశాసనము వేయించెను. ఓరుగల్లు కోట శిథిలమయ్యెను. రేవునకిచ్చిన మాట మఱియొక వంశమునకు మార్గదర్శక మయ్యెను.

సేనలు కదలు త్రోవలను, దుర్గముల మర్మములను ఏ రాజ్యమును వీథిలో చాటదు, చాటరాదు. కాని పరదేశములకు మన మేమి మాట యిచ్చితిమి, దానివలన మనకు కలుగు లాభనష్టము లెట్టివి అనునది ప్రజలకు తెలియవలెను. ఎనిమిదివందల యేండ్లనాడు ప్రజల నడుగ నక్కఱలేని చక్రవర్తి తన మాటను వారి భాషలో రేవున నిలిపెను. ప్రజల యోటుతో నడచు రాజ్యమున నంతకంటె తక్కువ చాలునా? మరిపెడ రైతు ఓడల మాట యెత్తినప్పుడు అది తనకు సంబంధింపని విషయమని యెవ్వరును త్రోసివేయకుందురుగాక. ఆ సరకు అతనిది. నష్టము వచ్చినచో అదియు అతనిదే.