మన భీమవరం డాక్టరుగారు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువు సరిగ్గా సాగలేదు. మెట్రిక్ మూడోసారికి మద్రాసులో గట్టెక్కింది. అక్కడి వైద్య కళాశాలలో ఖద్దరు కట్టారని ప్రొఫెసరుకి కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్.కి బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. అన్నగారు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. 1923లో ఈయన అమెరికా వెళ్లారు.

లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. స్ప్రూ రోగులకది మందయింది. దానికి ఎదురుమందైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. అంతవరకూ ఆ పిల్లల జబ్బు పోల్చుకోవడమే గాని, తగ్గించే దారి లేదు. ఆ గుణం కొన్ని నెలలే నిలిచినా, దారి మాత్రం పడింది.

ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకి, స్వదేశం మళ్లీ చూడకుండానే కన్నుమూశారు. ఈనాడు అల్ట్రాసౌండుతో పసివాడి పొట్టలో ఉబ్బిన ప్లీహాన్ని చూడగలుగుతున్నాం. చూశాక చేతులు ముడుచుకోనక్కర్లేదంటే, అందులో మన భీమవరం వాటా ఉంది!