స్వస్థతకు పోస్టరు వేయని సాధువు

జబ్బు నయమైతే పదిమందికీ చెప్పుకోవాలనిపించడం సహజం. కానీ నయమవుతుందని ముందుగానే ఊరంతా పోస్టర్లు అంటించడం వేరు. మొదటిది సాక్ష్యం, రెండోది ప్రకటన. ఈ రెండింటి మధ్య తేడా ఎరిగి జీవించిన దైవజనుడు సాధు సుందర్ సింగ్.

ఆయన 1889 సెప్టెంబరు 3న పంజాబులోని రాంపూర్‌లో సంపన్న సిక్కు కుటుంబంలో జన్మించాడు. పద్నాలుగేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంలో దేవుని మీద కోపం పెంచుకుని, మిషన్ పాఠశాలలో ఇచ్చిన సువార్త ప్రతిని చించి తగలబెట్టాడు. నిజమైన దేవుడు తనకు కనబడకపోతే తెల్లవారుజామున వచ్చే రైలు కింద పడి చనిపోవాలని కూడా నిశ్చయించుకున్నాడు. 1904 డిసెంబరులో అలా ప్రార్థిస్తున్న వేళ యేసుప్రభువు దర్శనం పొందాడు. అయినవాళ్ళు ఇంటి నుండి వెళ్ళగొట్టినా వెనుదీయలేదు. తన పదహారవ పుట్టినరోజున సిమ్లాలో బాప్తిస్మం తీసుకున్నాడు. కొన్ని వారాలకే కాషాయ వస్త్రం ధరించి, చెప్పులు లేని కాళ్ళతో, చేతిలో కొత్త నిబంధనతో సువార్తకు బయలుదేరాడు.

ఆయన పరిచర్య మొదలైంది వేదికల మీద కాదు. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా మిషనరీతో కలిసి, సిమ్లాకు దగ్గరలో ఉన్న సుబాతు కుష్ఠురోగుల ఆశ్రమంలో రోగులకు సేవ చేశాడు. పుండ్లు కడిగి కట్లు కట్టడం కూడా పరిచర్యేనని అక్కడ నేర్చుకున్నాడు. 1909లో లాహోరులోని వేదాంత కళాశాలలో చేరినా కొద్ది నెలలకే బయటికొచ్చి, కాలినడకన ఊరూరా తిరిగే జీవితాన్నే ఎంచుకున్నాడు.

1918లో ఆయన మద్రాసు, తిరువాన్కూరు మీదుగా సిలోను (నేటి శ్రీలంక) వెళ్ళాడు. ఎక్కడికెళ్ళినా వేలమంది జనం. అప్పుడే అక్కడ ఒక బాలుడు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రిలో ఉన్నాడు. వాని తల్లి వచ్చి, తన బిడ్డ మీద చేతులుంచి ప్రార్థించమని సాధువును బతిమాలింది. తన చేతుల్లో ఏ శక్తీ లేదనీ, శక్తి ప్రభువుదేననీ ఆయన వివరించాడు. అయినా ఆ తల్లి కన్నీళ్ళు చూసి కాదనలేక ప్రార్థించాడు. బాలుడు కోలుకున్నాడు.

ఈ రోజుల్లోనైతే మర్నాటికే ఆ బాలుని ఫొటోతో కరపత్రాలు సిద్ధమయ్యేవి. సుందర్ సింగ్‌కు మాత్రం సంతోషంతోపాటు భయం పట్టుకుంది. ఎంత చెప్పినా జనం ప్రభువును వదిలి తనను చూస్తున్నారని గ్రహించాడు. ఇలాగే కొనసాగితే మూఢనమ్మకం పెరుగుతుందనీ, తాను చెప్పవలసిన సువార్త మరుగున పడుతుందనీ ఎంచి, అటువంటి స్వస్థత ప్రార్థనలు ఇక చేయకూడదని తీర్మానించుకున్నాడు. ఆయన శక్తి లేక మానలేదు, జనం లేక మానలేదు. ఇంకా ఎక్కువమంది వచ్చే అవకాశం చేతిలో ఉండగానే మానుకున్నాడు. అదీ త్యాగమంటే!

1920లో ఇంగ్లండు, అమెరికా, 1922లో ఐరోపా దేశాలు పర్యటించాక ఆయన పేరు ప్రపంచమంతా పాకింది. పేరుతోపాటు చిక్కులూ వచ్చాయి. హిమాలయాల్లో ఆయనకు ఎదురైనట్టు ప్రచారమైన అద్భుత సంఘటనలకు ఆధారాలేవని ఐరోపాలో పండితులు నిలదీశారు. సంవత్సరాల తరబడి వివాదం నడిచింది. అద్భుతాల ప్రచారం ఎంత మంచివానికైనా ఎంత బరువవుతుందో చూడండి.

ఆ తర్వాత ఆయన ఆరోగ్యమే క్షీణించింది. గుండె జబ్బు, కంటి జబ్బు బాధించాయి. 1927లో టిబెట్‌కు బయలుదేరి, దారిలో రక్తస్రావమై వెనుదిరగవలసి వచ్చింది. ఎవరి ప్రార్థనతో బాలుడు లేచాడో ఆయనే రోగి అయ్యాడు. ఆయనకు విశ్వాసం తక్కువైందని ఎవరనగలరు? 1929 ఏప్రిల్‌లో మళ్ళీ టిబెట్ దారి పట్టాడు. అప్పటికి నిండా నలభై ఏళ్ళు లేవు. మరి తిరిగి రాలేదు.

ఇప్పుడు మన మడకశిర వైపు చూద్దాం. ఇక్కడా, హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లోనూ స్వస్థత కూటాల ఫ్లెక్సీలు మనకు కొత్త కాదు. పొరుగునే ఉన్న బెంగళూరులో 2005 జనవరిలో జక్కూరు మైదానంలో జరిగిన స్వస్థత కూటాలకు అనుమతి ఇవ్వాలా వద్దా అని పెద్ద గొడవే జరిగింది. ఇటువంటి ప్రకటనలను అనుమతించవచ్చా అన్నది నేటికీ న్యాయమైన ప్రశ్నే. మన రాజ్యాంగం 25వ అధికరణలో మతస్వేచ్ఛ ఇస్తూనే, దాన్ని ప్రజారోగ్యానికి లోబరిచింది. 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం క్యాన్సరు, మధుమేహం, పక్షవాతం, మూర్ఛ వంటి జబ్బులను మంత్రంతో, తాయెత్తుతో నయం చేస్తామని ప్రకటించడాన్ని నిషేధించింది. అందులో ప్రార్థన అనే మాట లేదు కదా అని మనం తప్పించుకోవచ్చు. కానీ తాయెత్తు అమ్మేవాడు ఇచ్చే హామీనే మనమూ ఇస్తే, మనకూ అతనికీ తేడా ఏముంది?

ప్రభువు మాదిరి చూడండి. కుష్ఠరోగిని బాగుచేసి, ఎవరితోనూ చెప్పవద్దనీ, వెళ్ళి యాజకునికి కనబరచుకొమ్మనీ ఆజ్ఞాపించాడు (మార్కు 1:40-45). ఆ రోజుల్లో కుష్ఠం పోయిందో లేదో పరీక్షించి చెప్పవలసినవాడు యాజకుడే. అంటే ప్రభువు అతణ్ణి పరీక్షకు పంపాడు, ప్రచారానికి కాదు. అతడు మాట వినక చాటించడంతో ప్రభువే పట్టణంలోకి బాహాటంగా రాలేక అరణ్య ప్రదేశాల్లో ఉండవలసి వచ్చింది. మరి గెరాసేనుల దేశంలో దయ్యం వదిలినవాణ్ణి వెళ్ళి చెప్పమన్నాడు కదా అంటారా? నిజమే. కానీ చెప్పమన్నది ముందుగా అతని ఇంటివారికి (మార్కు 5:19). నిన్నటిదాకా అతడెలా ఉన్నాడో వాళ్ళకు తెలుసు. నిజమో కాదో తేల్చగలిగినవారు వాళ్ళే.

కాబట్టి మేము చెప్పేది ఇదే. రోగుల కోసం ప్రార్థిస్తాం రండి అని పిలిచే స్వేచ్ఛ సంఘానికి ఉండాలి. అది యాకోబు పత్రిక 5వ అధ్యాయం పెద్దలకు అప్పగించిన పని. స్వస్థత ఖాయమని హామీ ఇచ్చే ప్రకటన మాత్రం ఉండకూడదు. దాన్ని ప్రభుత్వం ఆపేలోగా మనమే ఆపాలి. ఎందుకంటే ఆ హామీ నమ్మి ఎవరో ఒక తల్లి బిడ్డకు ఇన్సులిన్ మానేస్తుంది. బత్తలపల్లి ఆసుపత్రిలో ఇచ్చిన టీబీ మాత్రలను ఎవరో ఒక కూలి సగంలో వదిలేస్తాడు. టీబీ మందులు మధ్యలో మానితే జబ్బు మొండికేసి, ఆ మందులకే లొంగకుండా పోతుంది. చివరికి నయం కాకపోతే, నీకు విశ్వాసం చాలలేదని నింద కూడా ఆ పేదవాడే మోయాలి. పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). వైద్యుడైన లూకాను ప్రియుడని పిలిచాడు (కొలొస్సీ 4:14). అపొస్తలునికి లేని హామీ మనకెక్కడిది?

ఈ వారం మీ సంఘంలో కరపత్రం అచ్చువేయించే ముందు ఒక్క పని చేయండి. స్వస్థత అనే మాట ఉన్నచోట ప్రార్థన అని మార్చండి. మందులు మానవద్దని కింద ఒక వాక్యం చేర్చండి. కూటానికి జనం తగ్గితే తగ్గనివ్వండి. వచ్చినవారు మాత్రం మనల్ని కాక ప్రభువును చూస్తారు. సుందర్ సింగ్ కోరుకున్నది అంతే.