రేనాల్డ్ బి. జాన్సన్

రేనాల్డ్ బి. జాన్సన్ (జూలై 16, 1906 - సెప్టెంబరు 15, 1998) అమెరికాకు చెందిన ఆవిష్కర్త. హార్డు డిస్కు పితామహుడిగా ప్రసిద్ధుడు.

తొలి జీవితము

ఈయన మిన్నెసోటా రాష్ట్రములో స్వీడన్ మూలాలు గల కుటుంబములో జన్మించాడు. 1929లో మిన్నెసోటా విశ్వవిద్యాలయము నుండి పట్టా పొంది, మిచిగన్‌లోని ఐరన్‌వుడ్‌లో సైన్సు ఉపాధ్యాయుడయ్యాడు. బాల్యములో, అక్కచెల్లెళ్ళ కోసం వచ్చే యువకుల కార్ల స్పార్కు ప్లగ్గులపై ఆకతాయిగా పెన్సిలుతో గీసేవాడు. గ్రాఫైటు గుండా విద్యుత్తు పక్కదారి పట్టడంతో కార్లు కదిలేవి కావు. ఈ అనుభవమే తరువాత పెన్సిలు గుర్తులను బట్టి జవాబు పత్రాలు దిద్దే యంత్రానికి ఆధారమైంది. ఆ యంత్రము హక్కులు కొన్న ఐ.బి.ఎం. సంస్థ 1934లో ఈయనకు ఉద్యోగమిచ్చింది.

డిస్కు నిర్మాణము

1952లో సంస్థ ఈయనను కాలిఫోర్నియాలోని శాన్ హోసేకు పంపి ప్రయోగశాల నెలకొల్పమన్నది. అక్కడ తయారై 1956లో వెలువడిన ర్యామాక్‌లో రెండడుగుల వ్యాసము గల 50 పళ్ళెములు నిమిషానికి 1,200 సార్లు తిరిగేవి. టన్నుకు పైగా బరువున్న ఆ డిస్కు యంత్రములో పట్టేవి 50 లక్షల అక్షరాలు మాత్రమే.

అసలు చిక్కు హెడ్ వద్ద వచ్చింది. అది పళ్ళెమునకు తగిలితే పూత గీసుకుపోతుంది, దూరమైతే అక్షరము చదవలేదు. అందుచేత హెడ్ గుండా సంపీడిత గాలిని వదిలి, సుమారు 0.02 మిల్లీమీటర్ల ఎడము నిలిపారు. ఇది వెంట్రుక మందము కంటే తక్కువ. పూతలో చిన్న గడ్డ మిగిలినా హెడ్‌కు ముప్పే. కనుక ఇనుప ఆక్సైడు రంగును పలుచని మేజోడు గుండా వడపోసి, కాగితపు కప్పుతో తిరుగుతున్న పళ్ళెము నడుమ పోసేవారు. నేటి శుభ్రగదుల దృష్టితో చూస్తే ఇది వంటింటి పద్ధతివలె తోచవచ్చు గాని, పని చేసింది. ఈ యంత్రము పేటెంటు సహచరులైన గొడార్డ్, లైనాట్‌ల పేరనున్నది.

1961 నాటి 1301 నమూనాలో హెడ్ తన చలనము వలననే గాలిపై తేలింది. ఎడము మూడవ వంతుకు తగ్గింది. ఎడము తగ్గిన కొలదీ ధూళి భయము పెరుగుతుంది. హెడ్‌కు అంటిన రేణువు దాని తేలుడును చెడగొడుతుంది. అప్పుడు హెడ్ పూతను గీరుతుంది, రాలిన పొడి మరిన్ని గీతలకు కారణమవుతుంది. హెడ్‌లను, పళ్ళెములను కలిపి మూసిన పెట్టెలో ఉంచి, వడపోసిన గాలిని ఆడించే వించెస్టర్ పద్ధతి 1973లో వచ్చింది. అది జాన్సన్ పని కాదు, ఆయన 1971లోనే పదవీ విరమణ చేశాడు.

తరువాత పిల్లల మాట్లాడే పుస్తకాలకు చిన్న ఫోనోగ్రాఫును రూపొందించాడు. 1986లో అమెరికా జాతీయ సాంకేతిక పతకము పొందాడు. 92వ ఏట కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మరణించాడు.