బడి మానిన ఖగోళ శాస్త్రజ్ఞుడు

మిల్టన్ హ్యూమాసన్ 1891 ఆగస్టు 19న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జన్మించారు. పధ్నాలుగవ ఏట కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ పర్వతంపై వేసవి శిబిరానికి వెళ్ళి, ఆ కొండను విడువలేక చదువుకు స్వస్తి చెప్పారు. ఆ శిఖరంపై వేధశాల నిర్మాణమవుతున్న రోజులవి. కంచరగాడిదలపై సామగ్రిని కొండమీదికి చేరవేస్తూ ఆయన జీవనం సాగించారు. 1911లో వేధశాల ఇంజనీరు కుమార్తె హెలెన్‌ను వివాహమాడారు. 1917లో అదే వేధశాలలో ఊడ్చి తుడిచే పనివానిగా చేరారు.

రాత్రివేళల్లో దూరదర్శిని వద్ద సహాయపడుతూ ఆ పనిలో ఆరితేరారు. ఆయన ఓర్పును, హస్తనైపుణ్యాన్ని గుర్తించిన సంచాలకులు జార్జ్ ఎలరీ హేల్, ఏ పట్టమూ లేని ఆయనను కొద్ది సంవత్సరాలలోనే పరిశోధక బృందంలో చేర్చుకున్నారు.

గెలాక్సీల దూరాలను ఎడ్విన్ హబుల్ లెక్కించగా, వాటి వేగాలను హ్యూమాసన్ కొలిచారు. వెలుగును వర్ణపటంగా విడదీసినప్పుడు అందలి గీతలు ఎరుపువైపు ఎంత జరిగితే, గెలాక్సీ అంత వేగంగా దూరమవుతున్నదని భావం. మసక వెలుగును పట్టుకొనుటకు ఒకే ఫొటో ఫలకంపై వరుసగా కొన్ని రాత్రులు, గడ్డకట్టే చలిలో శ్రమించవలసి వచ్చేది. దూరంతోపాటు వేగమూ పెరుగుతున్నదని 1929లో హబుల్ ప్రకటించిన సూత్రానికి ఈ కొలతలే బలమిచ్చాయి. విశ్వం విస్తరిస్తున్నదని లోకం గ్రహించింది.

తరువాత పాలోమార్‌లోని 200 అంగుళాల దూరదర్శినితో హైడ్రా నక్షత్రరాశి దిశలోని గెలాక్సీల సమూహాన్ని ఆయన పరిశీలించారు. అది సెకనుకు సుమారు 61,000 కిలోమీటర్ల వేగంతో, అనగా కాంతివేగంలో ఐదవ వంతుతో, దూరమవుతున్నదని తేలింది. ఆ వెలుగు మనలను చేరుటకు రెండు వందల కోట్ల సంవత్సరాలకు పైగా పట్టింది.

1950లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది. 1957లో పదవీవిరమణ చేసి, 1972 జూన్ 18న కన్నుమూశారు.

హాజరు పట్టీలో ఒక పేరును కొట్టివేయవలసి వచ్చిన ప్రతిసారీ నాకు హ్యూమాసన్ గుర్తుకు వస్తారు. బడి మానడం మేలని ఆయన జీవితం చెప్పదు. ఆయనకు నేర్పే పెద్దలు, తలుపు తెరిచే సంస్థ లభించాయి. ఆ భాగ్యం అందరికీ దక్కదు. కనుకనే, పిల్లలను చివరి తరగతి వరకు నిలుపవలసిందిగా తల్లిదండ్రులను కోరుతున్నాను. మధ్యలో వెళ్ళిపోయిన పూర్వ విద్యార్థులారా, ఈ ప్లాటినం జూబిలీ మీది కూడా. మీకోసం మన బడి తలుపు తెరిచే ఉన్నది.