నీటినుండి అమృతము దీసిన ఆంధ్రుడు

నీటిలో కరగియున్న వస్తువును గుర్తించుట యొక యెత్తు. దానిని వేరుచేసి శుద్ధరూపమున చేతికి దెచ్చుట వేరొక యెత్తు. తగరపువలసలో గోస్థనీతీరమున నివసించు పాఠకులకు చింతపులుసు క్రొత్త గాదు. ఆ పులుపునకు మూలము టార్టారిక్ ఆమ్లము. పులుసును కాచినచో నీరింకి ముద్ద మిగులునేకాని ఆమ్లము వేరుపడదు. సున్నము చేర్చినచో ఆమ్లము దానితో గూడి లవణమై అడుగునకు దిగును. ఆ లవణమును గంధకామ్లముతో విడదీసిన శుద్ధామ్లము లభించును. స్వీడను దేశపు ఔషధకారుడు షీలే 1784లో నిమ్మరసమునుండి సిట్రిక్ ఆమ్లమును ఇట్లే తీసెను. ఆమ్లమునకు నీటికంటె ప్రియమైన తోడును చూపుటయే ఈ విద్యలోని మర్మము. ఈ విద్యచే లోకమునకు మేలొనర్చిన శ్రీ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చరితమును నేడు స్మరింపదలచితిమి.

వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి మూడవమారు నెగ్గిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి; అది ఆచార్యునకు కంటగింపయ్యెను; ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కెను. ఇంతలో స్ప్రూ యను గ్రహణివ్యాధి వారి సోదరులిరువురను కొద్దిదినముల వ్యవధిలో పొట్టనబెట్టుకొనెను. ఆ రోగమునకు నాడు మందు లేదు.

1922లో మామగారి సాయముతోను, కాకినాడ ధర్మసంస్థ చేయూతతోను అమెరికాకేగి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ ఊడిగము చేసిరి. భార్య శేషగిరమ్మగారిని మరల కన్నులజూచు భాగ్యము వారికి కలుగలేదు. 1925లో ఫిస్కేతో గూడి రక్తమూత్రములలోని భాస్వరమును రంగుచే కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అది నేటికిని వారిరువురి పేరిటనే వెలయుచున్నది. పిమ్మట కండరముల సారమును శోధించి, అందు దాగియున్న ఫాస్ఫోక్రియేటినును కాల్షియము లవణముగా వేరుచేసిరి. 1929లో ప్రాణికోటి శక్తికి నాణెమువంటి ఏటీపీని వెలికిదీసిరి. ఇంత చేసినను హార్వర్డు వారికి స్థిరమైన పదవి నీయలేదు.

1940లో లెడర్లె ఔషధశాలకు మారి, అనతికాలమున అచటి పరిశోధనలకు నాయకులైరి. గర్భిణీస్త్రీల పాండురోగమును ఈస్టుసారము మాన్పునని లూసీ విల్స్ బొంబాయిలో చేసిన పరిశోధనలవలన 1931 నాటికే తెలిసియుండెను. అందలి గుణద్రవ్యమే ఫోలిక్ ఆమ్లము. 1941లో టెక్సాసు పండితులు దానినుండి లేశమాత్రము పొందుటకు నాలుగు టన్నుల పాలకూరను వెచ్చింపవలసివచ్చెను! సుబ్బారావుగారి బృందము కాలేయమును, సూక్ష్మజీవులు పెరిగిన ద్రవమును ఆశ్రయించెను. బొగ్గుపొడిచే ఆమ్లమును పట్టి, అమోనియాతో విడిపించి, బేరియము లవణముగా దించి, మిథైల్ ఎస్టరుగా మార్చి, మెట్టుమెట్టుగా శుద్ధిచేసిరి. పదార్థము చిక్కినగాని నిర్మాణము తెలియదు. నిర్మాణము తెలిసినగాని కృత్రిమముగా చేయరాదు. 1945లో ఆ కార్యమును నెరవేరెను. అనతికాలముననే స్ప్రూరోగులకు అది గుణమిచ్చుట వెల్లడియయ్యెను. సోదరులను రక్షింపజాలని సుబ్బారావుగారు పరుల సోదరులను రక్షించిరి.

ఫోలిక్ ఆమ్లమునకు ప్రతిరోధకములుగా అచట తయారైన మందులతోనే ఫార్బరు పండితుడు 1947లో బోస్టను నగరమున రక్తక్యాన్సరుగల బిడ్డలకు చికిత్స నారంభించెను. ఆ యేడే బోదకాలు క్రిములను హరించు హెట్రజాను వెలువడెను. మన సముద్రతీరవాసులకు బోదకాలు బాధ చెప్పనక్కరలేదు. ఆ మందు ఎమీను జాతిది. సిట్రిక్ ఆమ్లముతో గూడిన లవణముగా రోగులకిత్తురు. ఎమీనునకును ఆమ్లమునకును గల ఈ మైత్రినే తరువాతి తరములవారు మరియొక పనికి వాడుకొనిరి. చక్కెరను పులియబెట్టినపుడు పుట్టు లాక్టిక్ ఆమ్లము విస్తారమైన నీటిలో పలుచగానుండును. నీటినంతయు మరగించుట దుబారా. నీటిలో కలియని ద్రావకమున ట్రైఆక్టైల్ ఎమీనును చేర్చి ఆ ద్రవముతో చిలికినచో, ఆమ్లము ఎమీనును పట్టుకొని నీటిని విడిచి ద్రావకమునకెక్కును. పిదప క్షారముచేతనో వేడిచేతనో దానిని విడిపించి, ఎమీనును మరల వాడుదురు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో 53 ఏండ్ల ప్రాయమున పరదేశముననే కన్నుమూసిరి. 1995లో భారత ప్రభుత్వము వారి పేర తపాలాబిళ్ల వెలువరించినది. సంతోషమే, కాని బిళ్లతో ఋణము తీరదు. అనకాపల్లి బెల్లమునకు ప్రసిద్ధి కెక్కిన ఈ సీమలో చెరకునకు కొదువ లేదు. చక్కెరను ఆమ్లముగా మార్చుటకు సూక్ష్మజీవి చాలును. ఆ ఆమ్లమును నీటినుండి లాభసాటిగా తీయుటకు మాత్రము విద్యగల మనుజుడు కావలెను. మూడవమారు పరీక్ష నెగ్గిన పిల్లవానిని, పరదేశమున తలదాచుకొననవసరము లేకుండ, ఇచటనే నిలుపుకొను ప్రయోగశాలలను భూస్వాములును పురప్రముఖులును పోషింతురేని, అదియే వారికి తగిన స్మారకమని మా విశ్వాసము.